టైపు చేసినది, దాచుకున్నది, చూపించేది: స్ప్రెడ్‌షీట్ సెల్ ఫార్మాట్‌ను అర్థం చేసుకుని వాడే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమిషన్ కొట్లలోను, విజయవాడలోని హోల్‌సేల్ దుకాణాలలోను, ఆడిటర్ల కార్యాలయాలలోను ఒకప్పుడు చిట్టా పుస్తకంలో రాసిన లెక్కలన్నీ ఇప్పుడు ఎక్సెల్‌లోకో, గూగుల్ షీట్స్‌లోకో, లిబ్రే ఆఫీస్‌లోకో చేరాయి. పుస్తకంలో గుమాస్తా ఏ అంకె రాస్తే అదే ఉంటుంది, అదే కనబడుతుంది. స్ప్రెడ్‌షీట్ సెల్‌లో మాత్రం మనం టైపు చేసినది ఒకటి, ప్రోగ్రామ్ లోపల దాచుకున్నది ఒకటి, తెర మీద చూపించేది ఒకటి. చాలాసార్లు ఈ మూడూ ఒకటిగానే ఉంటాయి కనుక వీటి మధ్య తేడా ఉందన్న సంగతే మన దృష్టికి రాదు. అవి విడిపోయిన రోజున రైతు పట్టీలో, అంటే అమ్మిన సరుకుకు రైతుకు ఇచ్చే లెక్క చీటీలో, మొత్తం తప్పుతుంది, బ్యాంకుకు పంపిన ఖాతా సంఖ్య తప్పుతుంది, తేదీల వరుస తారుమారవుతుంది.

సెల్ ఫార్మాట్ రెండు వేర్వేరు సమయాల్లో పని చేస్తుంది. మనం ఎంటర్ నొక్కిన క్షణంలో, టైపు చేసిన దానిని సంఖ్యగా తీసుకోవాలా, తేదీగా తీసుకోవాలా, అక్షరాలుగా ఉంచాలా అని ప్రోగ్రామ్ నిర్ణయించుకునేటప్పుడు, ఆ సెల్‌కు అప్పటికే ఉన్న ఫార్మాట్‌ను చూస్తుంది. ఆ తరువాత, దాచుకున్న విలువను తెర మీద ఎలా చూపించాలన్నది కూడా ఫార్మాటే చెబుతుంది. మొదటి పని ఎంటర్ నొక్కడంతో పూర్తయిపోతుంది, రెండవది ఎప్పుడు మార్చినా మారుతుంది. విలువ లోపలికి వెళ్ళిపోయిన తరువాత ఫార్మాట్ మార్చి, లోపలిది కూడా మారిందని అనుకోవడం వల్లనే ఈ చిక్కుల్లో అధికభాగం వస్తున్నాయి.

లోపల ఏముందో చూసే పద్ధతి

ఏ సెల్ మీద అనుమానం వచ్చినా ముందు దానిని ఎంచుకుని పైనున్న ఫార్ములా బార్ వైపు చూడాలి. సెల్‌లో 6,098 అని కనిపిస్తూ ఫార్ములా బార్‌లో 6098.125 అని ఉంటే లోపలున్నది రెండవదే. అయితే తేదీల విషయంలోను, శాతాల విషయంలోను ఫార్ములా బార్ కూడా ఫార్మాట్ వేసుకున్న రూపాన్నే చూపిస్తుంది. అలాంటప్పుడు ఎక్సెల్‌లో కంట్రోల్ మీటను పట్టుకుని, ఎస్కేప్ మీటకు కింద ఉండే మీటను నొక్కితే, షీటు మొత్తం ఫార్మాట్ తీసివేసిన రూపంలో కనబడుతుంది. ఫార్ములాలు ఫార్ములాలుగా, తేదీలు వట్టి సంఖ్యలుగా బయటపడతాయి. అదే మీటలను మళ్ళీ నొక్కితే మామూలు రూపం తిరిగి వస్తుంది. లిబ్రే ఆఫీస్‌లో కంట్రోల్‌తో పాటు ఎఫ్8 నొక్కితే సంఖ్యలు నీలంగా, అక్షరాలు నల్లగా, ఫార్ములాలు ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఈ సదుపాయం ఎక్సెల్‌లో కూడా ఇంత సులువుగా ఉంటే బాగుండేది.

మీటలేవీ నొక్కకుండానే తెలుసుకునే గుర్తు మరొకటి ఉంది. అలైన్‌మెంట్ ఎవరూ మార్చకపోతే సంఖ్యలు, తేదీలు సెల్‌లో కుడి అంచుకు, అక్షరాలు ఎడమ అంచుకు చేరతాయి. అందువల్ల లెక్కల షీటులో అన్నింటినీ మధ్యకు తెచ్చి అందంగా పెట్టడం మంచి అలవాటు కాదు. ఏ విలువ సంఖ్యో, ఏది అక్షరాలో చెప్పే గుర్తు దానితో పోతుంది.

పేర్లుగా వాడే అంకెలు

మిర్చి లెక్కలు రాసేవారికి ఇది అన్నింటికన్నా ముందు తెలియవలసిన విషయం. యార్డులో రకాల పేర్లలో తేజ, బాడిగ వంటి మాటలున్నాయి, 334, 341 వంటి అంకెలూ ఉన్నాయి. ఈ 334ను ఎవరూ దేనితోనూ కూడరు, గుణించరు. అది చూడటానికి అంకెలే కాని, నిజానికి పేరు. మామూలుగా ఉండే జనరల్ ఫార్మాట్ సెల్‌లో దానిని టైపు చేస్తే ఎక్సెల్ దానిని సంఖ్యగానే దాచుకుంటుంది. మరొకరు పంపిన ఫైలులో అదే 334 అక్షరాలుగా వచ్చి ఉంటే, తెర మీద రెండూ ఒకేలా కనబడుతున్నా, పట్టికలో వెతికి విలువను తెచ్చే విలుకప్ (VLOOKUP) ఫంక్షన్ దృష్టిలో అవి రెండు వేర్వేరు విలువలు. ధరల పట్టికలో 334 కళ్ళకు కనబడుతూనే ఉంటుంది, ఫార్ములా మాత్రం దొరకలేదని చెబుతుంది. మరి అదే షీటులో, షరతుకు సరిపోయినవాటిని మాత్రమే కూడే సమ్ఇఫ్ (SUMIF) ఫంక్షన్ ఆ రెండింటినీ ఒకటిగానే లెక్కిస్తుంది. ఒక ఫంక్షన్ పని చేసి మరొకటి చేయకపోతే ఫార్ములా తప్పేమోనని వెతుకుతూ పొద్దు పుచ్చడం కంటే, ముందుగా ఆ నిలువు వరుసలో ఏవి సంఖ్యలో, ఏవి అక్షరాలో చూడటం మేలు.

గుంటూరు చిరునామాలలో ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. బ్రాడీపేటలోను, అరండల్‌పేటలోను లైను సంఖ్యను, అడ్డరోడ్డు సంఖ్యను గీతతో కలిపి 4/7 అని రాయడం ఊరందరికీ అలవాటే. దానిని జనరల్ ఫార్మాట్ సెల్‌లో టైపు చేయగానే, కంప్యూటర్‌లో భారతదేశపు తేదీ పద్ధతి ఉంటే, అది జులై 4గా మారిపోతుంది. టైపు చేస్తున్న నాటి సంవత్సరం కూడా దానికి తోడవుతుంది. 2025లో టైపు చేసి ఉంటే, లోపల చేరిన విలువ 45842 అనే సంఖ్య. తప్పు గమనించి ఆ సెల్ ఫార్మాట్‌ను టెక్స్ట్‌గా మారిస్తే 4/7 తిరిగి రాదు, 45842 కనబడుతుంది, ఎందుకంటే 4/7 అనేది ఎంటర్ నొక్కిన క్షణంలోనే పోయింది. విజయవాడ డోర్ నంబర్లదీ ఇదే పరిస్థితి. 12-5-23 అనే డోర్ నంబరు 2023 మే 12 అవుతుంది, 29-37-123 తేదీగా పొసగదు కనుక అక్షరాలుగానే నిలుస్తుంది. ఒకే నిలువు వరుసలో కొన్ని చెడి, కొన్ని బాగుండటం వల్ల, పైనున్న నాలుగైదు వరుసలు చూసి అంతా సరిగ్గా ఉందని అనుకునే ప్రమాదం ఉంది.

ఇందులో ఇంకొక చిక్కు కూడా ఉంది. 4/7 అని టైపు చేసినప్పుడు ఆ సెల్ తనంతట తాను తేదీ ఫార్మాట్‌ను తీసుకుంటుంది. తరువాత దానిని చెరిపి, ఆ స్థానంలో 43 బస్తాలని 43 కొడితే, ఎక్సెల్ 1900 ఫిబ్రవరి 12ను చూపిస్తుంది. డిలీట్ మీట విలువను మాత్రమే చెరుపుతుంది, ఫార్మాట్‌ను చెరపదు. తెర పైభాగంలోని హోమ్ పట్టీలో క్లియర్ కింద ఉన్న క్లియర్ ఫార్మాట్స్ వాడితేనో, ఫార్మాట్‌ను మళ్ళీ జనరల్‌కు మారిస్తేనో ఆ సెల్ మామూలు స్థితికి వస్తుంది.

కాబట్టి రకం పేర్లు, డోర్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, లాట్ నంబర్లు రాయవలసిన నిలువు వరుసలను టైపు చేయడానికి ముందే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చాలి. నిలువు వరుసను ఎంచుకుని, కంట్రోల్‌తో 1 నొక్కి, వచ్చిన పెట్టెలో నంబర్ అనే భాగంలో టెక్స్ట్‌ను ఎంచుకుంటే సరిపోతుంది. ఒకటి రెండు సెల్స్ మాత్రమే అయితే విలువకు ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టి టైపు చేయవచ్చు. ఆ గుర్తు సెల్‌లో కనబడదు, ప్రింటులోనూ రాదు.

ఖాతా సంఖ్యల గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. సంఖ్యగా తీసుకున్న విలువలో ఎక్సెల్ 15 అంకెల వరకే ఉన్నవి ఉన్నట్టు నిలుపుతుంది. 16 అంకెల ఖాతా సంఖ్యను మామూలు సెల్‌లో టైపు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది, ఆ పోయిన అంకె ఏ ఫార్మాట్ మార్చినా తిరిగి రాదు. ముందున్న సున్నాలు కూడా అలాగే పోతాయి. 12 అంకెల ఆధార్ సంఖ్యకు ఈ నష్టం లేదు. జనరల్ ఫార్మాట్‌లో అది 1.23457E+11 వంటి రూపంలో కనబడి భయపెట్టినా, నిలువు వరుసను దశాంశాలు లేని నంబర్ ఫార్మాట్‌లోకి మారిస్తే 12 అంకెలూ బయటపడతాయి. దేశం కోడ్ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా రాసిన మొబైల్ నంబరు కూడా ఇలాగే కనిపిస్తుంది. మొదటి సందర్భంలో విలువే నష్టపోయింది, రెండవ సందర్భంలో చూపు మాత్రమే మారింది. పైకి రెండూ ఒకలాంటి గందరగోళంగానే కనబడతాయి కనుక ఏది ఏదో గుర్తుపట్టడం ముఖ్యం.

టెక్స్ట్‌గా ఉంచిన ఖాతా సంఖ్యల సెల్ మూలలో ఎక్సెల్ చిన్న ఆకుపచ్చ త్రికోణం చూపించి, దీనిని సంఖ్యగా మార్చమంటారా అని అడుగుతుంది. ఖాతా సంఖ్యల విషయంలో ఆ సలహాను ఎన్నడూ అంగీకరించవద్దు. ఇగ్నోర్ ఎర్రర్ ఎంచుకుంటే త్రికోణం పోతుంది, సంఖ్య నిలుస్తుంది.

ముందు సున్నాలు చూపించడానికి 000000 వంటి కస్టమ్ ఫార్మాట్ పెట్టే అలవాటు కొందరికి ఉంది. అది 45ను 000045గా చూపిస్తుంది కాని, లోపలున్నది 45 మాత్రమే. కంటికి చాలు అనుకునే రసీదు నంబర్లకు పరవాలేదు, బ్యాంకుకు పంపే జాబితాకు పనికిరాదు.

పేర్లు సంఖ్యలుగా, తేదీలుగా మారిపోయే ఈ ఇబ్బంది మన కొట్లకే పరిమితం కాదు. కొన్ని మానవ జన్యువుల సంక్షిప్త నామాలను ఎక్సెల్ నెలల పేర్లుగా భావించి తేదీలుగా మార్చివేస్తున్నందున, జన్యువులకు పేర్లు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం 2020లో ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ స్వయంచాలిత మార్పిడులలో కొన్నింటిని ఆపుకునే వీలును ఎక్సెల్ ఆప్షన్స్‌లోని డేటా విభాగంలో కల్పించింది. ముందు సున్నాలు పోకుండా, పొడవైన సంఖ్యలు కుదించుకుపోకుండా అది కాపాడుతుంది. తేదీల విషయంలో మాత్రం అక్షరాలు, అంకెలు కలిసి ఉన్న పదాలకే అది వర్తిస్తుంది కనుక మన బ్రాడీపేట 4/7కు టెక్స్ట్ ఫార్మాటే రక్ష.

అక్షరాలుగా చిక్కుకుపోయిన సంఖ్యలు

దీనికి తిరగబడిన సమస్య కూడా తరచుగా వస్తుంది. తూకాల నిలువు వరుస పొరపాటున టెక్స్ట్ ఫార్మాట్‌లో ఉండగా అందులో బరువులన్నీ టైపు చేసి ఉంటే, సమ్ ఫంక్షన్ వాటిని పట్టించుకోకుండా సున్నా చూపిస్తుంది. ఇప్పుడు ఆ వరుస ఫార్మాట్‌ను నంబర్‌గా మార్చినా మొత్తం సున్నాగానే ఉంటుంది, ఎందుకంటే అవి అప్పటికే అక్షరాలుగా లోపలికి వెళ్ళాయి. ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చి, నిలువు వరుసను ఎంచుకుని, డేటా పట్టీలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి, ఏమీ మార్చకుండా ఫినిష్ నొక్కితే ఎక్సెల్ ప్రతి విలువనూ మళ్ళీ కొత్తగా టైపు చేసినట్లే చదువుతుంది, సంఖ్యలు సంఖ్యలవుతాయి. టెక్స్ట్ సెల్‌లో ఫార్ములా టైపు చేస్తే జవాబుకు బదులు ఫార్ములాయే కనబడటానికి కారణం కూడా ఇదే. ఫార్మాట్ మార్చి, ఎఫ్2 నొక్కి, ఎంటర్ నొక్కాలి.

అంకె పక్కన "కేజీ" అనో, ముందు "రూ." అనో చేత్తో టైపు చేసినా ఆ విలువ అక్షరాలైపోతుంది. ఆ మాటలను టైపు చేయకుండా ఫార్మాట్‌కు అప్పగించాలి. కంట్రోల్‌తో 1 నొక్కి, కస్టమ్‌లో 0.00" కేజీ" అని పెడితే 44.35 అని మాత్రమే టైపు చేస్తాము, సెల్ 44.35 కేజీ అని చూపిస్తుంది, కూడికలూ చక్కగా జరుగుతాయి.

పట్టీలో మొత్తం ఎందుకు కలవదు

ఒక రైతు తెచ్చిన నాలుగు టిక్కీల (మిర్చి బస్తాల) తూకం 44.35, 45.15, 43.55, 44.75 కిలోలనీ, క్వింటా ధర 13,750 రూపాయలనీ అనుకుందాం. బరువును ధరతో గుణించి 100తో భాగిస్తే వరుసగా 6098.125, 6208.125, 5988.125, 6153.125 వస్తాయి. పైసలు వద్దని ఆ నిలువు వరుసకు దశాంశాలు లేని ఫార్మాట్ పెడితే 6,098, 6,208, 5,988, 6,153 అని కనబడతాయి. రైతు వాటిని కాలిక్యులేటర్ మీద కూడితే 24,447 వస్తుంది. షీటు కింద మొత్తం మాత్రం 24,448 అని ఉంటుంది. సమ్ ఫంక్షన్ కూడేది తెర మీది అంకెలను కాదు, లోపలి 24447.5ను, అది దశాంశాలు లేని ఫార్మాట్‌లో 24,448గా కనబడుతుంది.

ఇక్కడ తేడా ఒక్క రూపాయే. కాని తూకం నిలువు వరుసకు కూడా దశాంశాలు తీసివేసి ఉంటే 44.35 కిలోలు 44గా కనబడతాయి. 44 కిలోలకు 6,050 రూపాయలు రావాలి, పట్టీలో 6,098 ఉంది. ఆ 48 రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయో పట్టీ చూసిన వారెవరూ చెప్పలేరు. డబ్బు సరిగ్గానే లెక్క కట్టినా కాగితం మాత్రం తప్పుగా కనబడుతుంది. ఎండనక, వాననక పండించి తెచ్చిన సరుకుకు వచ్చిన లెక్క, రైతు ఇంటికి వెళ్ళి తన పిల్లల చేత కూడించి చూసుకుంటే సరిపోయేలా ఉండాలని నా నిశ్చితాభిప్రాయం. పట్టీ మీద కనిపించే అంకెలను గుణించినా, కూడినా పట్టీ మీది మొత్తమే రావాలి.

అందుకు డబ్బు లెక్కల్లో గుండ్రం చేయడాన్ని ఫార్మాట్‌కు వదిలిపెట్టకూడదు. ప్రతి వరుసలోని లెక్కను రౌండ్ ఫంక్షన్‌లో పెట్టి, రూపాయలకైతే 0 అని, పైసల వరకైతే 2 అని దశాంశాల సంఖ్య ఇవ్వాలి. అప్పుడు లోపలి విలువే 6098 అవుతుంది, మొత్తం 24,447 వస్తుంది, కాగితంతో కలుస్తుంది. టూల్‌బార్‌లో దశాంశాలను పెంచే, తగ్గించే బటన్లు చూపును మాత్రమే మారుస్తాయి, విలువను ముట్టుకోవు. తూకాలకు ఎప్పుడూ కాటా చూపించినన్ని దశాంశాలు కనబడేలా ఫార్మాట్ ఉంచాలి. వరుసవారీగా గుండ్రం చేయాలా, చివరి మొత్తం మీద ఒక్కసారి చేయాలా అన్నది కొట్టు ఆనవాయితీని బట్టి నిర్ణయించుకోవచ్చు, కాని ఏది నిర్ణయించుకున్నా అది ఫార్ములాలో ఉండాలి.

ఎక్సెల్ ఆప్షన్స్‌లో, చూపించినంత కచ్చితత్వాన్నే విలువగా స్థిరపరిచే సదుపాయం ఒకటుంది. అది వర్క్‌బుక్ అంతటికీ ఒకేసారి వర్తిస్తుంది, కనబడని దశాంశాలన్నిటినీ శాశ్వతంగా తీసివేస్తుంది. ఎక్కడో ఒక షీటులో తూకానికి దశాంశాలు దాచి ఉంటే ఆ తూకాలూ పోతాయి. దానిని వాడవద్దనే చెబుతాను.

కమిషన్ శాతాల విషయం చిన్నదే. మామూలు సెల్‌లో 2 అని ఉండగా దానికి శాతం ఫార్మాట్ పెడితే 200% అవుతుంది, ముందే శాతం ఫార్మాట్ ఉన్న సెల్‌లో 2 కొడితే 2% అవుతుంది. ఎప్పుడూ శాతం గుర్తుతో సహా 2% అనే టైపు చేస్తే ఈ తికమక రాదు.

లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు రావాలంటే విండోస్ రీజియన్ సెట్టింగులను ఇండియాకు మార్చడం ఉత్తమం. అప్పుడు ఎక్సెల్‌లోని మామూలు కామా ఫార్మాటే 12,34,567 అని చూపిస్తుంది. సెట్టింగులు మార్చే వీలులేని చోట కస్టమ్‌లో [>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0 అని పెట్టవచ్చు, కాని లక్ష దాటిన బాకీలను, అంటే ఋణ సంఖ్యలను, ఇది పాశ్చాత్య పద్ధతిలోనే చూపిస్తుంది.

తేదీలు

ఎక్సెల్ తేదీని రోజుల లెక్కగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 అంటే 1, 2025 జనవరి 1 అంటే 45658. సమయం ఆ రోజులో భాగం, మధ్యాహ్నం 12 అంటే 0.5. ఆ కారణంగానే ఒక తేదీ నుంచి మరొక తేదీని తీసివేస్తే రోజుల సంఖ్య వస్తుంది, వడ్డీ లెక్కలు సాధ్యమవుతాయి. హమాలీల పని గంటలు 9:30 చొప్పున మూడు రోజులకు కూడితే 28:30కు బదులు 4:30 కనబడటానికి కారణం కూడా ఇదే. లోపల ఒక రోజు, నాలుగున్నర గంటలు ఉన్నాయి, ఫార్మాట్ రోజును వదిలేసి చూపిస్తోంది. గంటల గుర్తును చదరపు బ్రాకెట్లలో పెట్టిన ఫార్మాట్ ఎంచుకుంటే 28:30 కనబడుతుంది.

అసలు ప్రమాదం కంప్యూటర్‌లో అమెరికా తేదీ పద్ధతి ఉన్నప్పుడు వస్తుంది. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు రీజియన్ ఎవరూ మార్చకపోతే చాలా చోట్ల అదే ఉంటుంది. దాని మీద 12-02-2025 అని టైపు చేస్తే అది డిసెంబరు 2 అవుతుంది, 13-02-2025 అని టైపు చేస్తే 13వ నెల లేదు కనుక అక్షరాలుగా మిగిలిపోతుంది. అంటే ఫిబ్రవరి సీజనులో రాసిన లావాదేవీలలో 12వ తేదీ వరకు ఉన్నవి, రోజూ నెలా ఒకే అంకె అయిన 2వ తేదీ తప్ప, వేరే నెలలకు చెదిరిపోతాయి, ఆ తరువాతివి తేదీలే కాకుండా పోతాయి. ఒకే వరుసలో కొన్ని తేదీలు కుడి అంచుకు, కొన్ని ఎడమ అంచుకు ఉంటే ఇదే జరిగిందని వెంటనే గ్రహించవచ్చు. ఎడమవైపు ఉన్నవాటిని టెక్స్ట్ టు కాలమ్స్ మూడవ అంచెలో తేదీ, నెల, సంవత్సరం అనే వరుసను ఎంచుకుని బాగుచేయవచ్చు. కుడివైపు ఉన్నవి అప్పటికే వేరే తేదీలు అయిపోయాయి కనుక వాటికి ఆ వైద్యం పని చేయదు. అసలు ఫైలు ఉంటే దానిని మళ్ళీ మొదటి నుంచి తెచ్చుకోవడమే క్షేమం. లేకపోతే డేట్ ఫంక్షన్‌తో నెలను రోజుగా, రోజును నెలగా మార్చి కొత్త నిలువు వరుస కట్టుకోవాలి. తేదీల నిలువు వరుసకు నెలను అక్షరాలలో చూపించే ఫార్మాట్ పెట్టుకుంటే ఫిబ్రవరిలో రాసినది డిసెంబరుగా మారినప్పుడు అప్పటికప్పుడే కంటపడుతుంది.

ఒక ఫైలు నుంచి మరొక ఫైలుకు

టెక్స్ట్‌గా సిద్ధం చేసుకున్న నిలువు వరుసలో వేరే షీటు నుంచి మామూలుగా పేస్ట్ చేస్తే, అక్కడి ఫార్మాట్ కూడా వచ్చి ఇక్కడి దానిని తుడిచేస్తుంది. పేస్ట్ స్పెషల్‌లో వ్యాల్యూస్ ఎంచుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన జాబితా అయితే, పేస్ట్ చేసేటప్పుడు ఇక్కడి ఫార్మాట్‌కు సరిపెట్టే ఎంపికను వాడాలి.

విలువలను కామాలతో విడదీసి వట్టి అక్షరాలుగా దాచే సీఎస్వీ (CSV) ఫైలు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎక్సెల్ సీఎస్వీగా సేవ్ చేసేటప్పుడు లోపలి విలువను కాక, తెర మీద కనిపించే రూపాన్నే రాస్తుంది. దశాంశాలు దాచిన తూకాలు గుండ్రం అయిపోయి వెళతాయి, 1.23457E+11గా కనబడుతున్న ఆధార్ సంఖ్య అదే రూపంలో వెళ్ళి, మిగిలిన అంకెలను శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. అందుచేత సేవ్ చేసే ముందు ప్రతి నిలువు వరుసనూ పూర్తిగా కనబడే ఫార్మాట్‌లో పెట్టాలి. సీఎస్వీలో ఫార్మాట్ సమాచారం ఏమీ ఉండదు కనుక దానిని రెండుసార్లు నొక్కి తెరిచినప్పుడు ఎక్సెల్ అంతా కొత్తగా టైపు చేసినట్లే చదువుతుంది, ఖాతాల ముందున్న సున్నాలు మళ్ళీ పోతాయి. దానికి బదులు డేటా పట్టీలోని ఫ్రమ్ టెక్స్ట్ అనే మార్గం ద్వారా తెచ్చుకుంటూ, ఖాతాల నిలువు వరుసకు టెక్స్ట్ అని, తేదీల నిలువు వరుసకు తేదీ, నెల, సంవత్సరం అని ముందే చెప్పాలి. బ్యాంకుకు పంపవలసిన సీఎస్వీని సరిచూడాలనుకుంటే ఎక్సెల్‌లో కాకుండా నోట్‌ప్యాడ్‌లో తెరవండి. ఎక్సెల్‌లో తెరిచి చూసి అలవాటుగా సేవ్ నొక్కితే, అంతవరకు సరిగ్గా ఉన్న ఫైలు అక్కడే చెడిపోతుంది.